మెమరీ పళ్ళకు పసుపు

దసరా నాడు వరస గదుల మా చాల్‌లో పనిముట్లకు సెలవు. తాపీలు, సుత్తులు, ఉలులు స్నానాలు చేసి పీటలెక్కి కూర్చుంటాయి. మనుషులే వంగి వాటికి దణ్ణం పెడతారు. మా తాత ఈ బొంబాయిలో ఎన్ని గోడలు లేపాడో లెక్కలేదు గానీ, కామాటిపురాలో మాకు దక్కినది ఒక్క గది. అందులోనూ ఒక గోడ మాదా పక్కింటివాళ్ళదా అన్న సంగతి ఇంకా తేలలేదు.

బడి నన్ను వదిలిందో, నేనే బడిని వదిలానో గానీ, మీసాలు రాకముందే టీవీలు బాగుచేసే దుకాణంలో కుదిరాను. మా బావకు ఫోరస్ రోడ్‌లో వీడియో గేముల దుకాణం. ఆయన దగ్గర ఒక చిన్న కంప్యూటర్ ఉండేది. టీవీకి తగిలించి, టేప్‌రికార్డర్‌లోంచి ఆటను దానిలోకి ఎక్కించాలి. ఎక్కుతున్నంతసేపూ అది పెట్టే కూత వింటే, పొద్దున కుళాయి దగ్గర మా చాల్ ఆడవాళ్ళ గొడవ సంగీతకచేరీలా ఉంటుంది.

అందులో ఒక ఆట ఉంది. సగం కట్టిన బిల్డింగులో ఒక మనిషి నిచ్చెనలెక్కుతూ పైకి పోతుంటాడు. మా వదిన దాన్ని ఒకసారి చూసి, "కట్టే బిల్డింగుల ఆడమనిషి లేకపోవుడేంది? మాల్ ఎవరు మోస్తుండ్రు మరి?" అంది.

మా ఇంట్లో మాల్ మోసింది అమ్మ. మోకాళ్ళు మొరాయించేదాకా నెత్తిన ఘమేలా, అదే ఇనుప తట్ట, పెట్టుకుని, వెదురు పరంజాల మీద సున్నం, సిమెంటు మోసింది. వదిన పాలమూరు నుంచి కోడలిగా వచ్చి రెండేళ్ళయినా, అత్తాకోడళ్ళ మధ్య మాటలు ఉప్పు, నీళ్ళు, గిన్నెలు దాటలేదు. ఆ ఆటలోని మనిషిని తీసేసి అత్తను పెట్టాలని వదినకు పంతం పట్టింది. అత్త ఒక్కసారి చూడాలి. అంతే.

ఆటల్లో బొమ్మలు మార్చే క్యాసెట్ ఒకటి బావ సంపాదించాడు. బొమ్మంటే గళ్ళే. వదిన దిండు గలీబులకు కుట్టుపూలు గీసుకునే గళ్ళ కాగితం మీదే చీరకుచ్చెళ్ళు, నెత్తిన ఘమేలా గీసింది; అది చూసి గడిగడినీ నేను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అయితే కొత్త బొమ్మలతో ఆట కంప్యూటర్ మెమరీలో పట్టలేదు. గ్రాంట్ రోడ్ దగ్గర వెతికి, వెనకవైపు తగిలించే మెమరీ పలక ఒకటి తెచ్చాను. పండుగ ముందురోజు బావ కంప్యూటర్‌ను మా గదికి తెచ్చుకుని, పలక పెట్టి చూస్తే అంతా సవ్యంగా నడిచింది. పలక ఊడదీసి నా స్క్రూడ్రైవర్ల పళ్ళెంలో పెట్టాను.

పండుగ మధ్యాహ్నం బావ వచ్చాడు. సాయంత్రం దుకాణం తెరవాలి, కంప్యూటర్ పట్టుకుపోవాలి. అమ్మను మంచం మీద కూర్చోబెట్టి, పలక తగిలించి, టీవీ పెట్టాం. తెర నిండా చీమలగుంపు.

"క్యాసెట్ ఖరాబైంది," అన్నాడు బావ.

"ఇంకా క్యాసెట్ ఎక్కించనే లేదు బావా."

"అయితే నీ చెయ్యే ఖరాబు, బామ్మర్దీ."

పలక తీసేస్తే కంప్యూటర్ బుద్ధిగా లేస్తోంది, పెడితే చీమలు. వదిన తన గళ్ళ కాగితం మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతోంది. పలకను వెలుతురులో పెట్టి చూశాను. కంప్యూటర్‌లో దిగే ఇత్తడిరంగు పళ్ళ మీద తడి పసుపు, దాని మీద వరసగా కుంకుమ బొట్లు.

"అమ్మా, దీనికి కూడా పెట్టినవా?"

"పళ్ళెంల ఉంటె పెట్టనా? రంపం పళ్ళ లెక్క ఉన్నయని పళ్ళకే పెట్టిన. పనిచేసే తాననే కదరా బొట్టు పెట్టాలె."

మా వంశాచారం అదే. తాపీకి అంచున, ఉలికి మొనన. నేను రబ్బరు తీసి రుద్దబోయాను.

"ఆగు! పండుగ పూట బొట్టు తుడుస్తవారా? చేతులిరగ్గొడ్త!"

"తుడవకుంటె నడవదే అమ్మా."

"నడవకపోతె పాయె. ఇయాల దానికి గూడ సుట్టీయే."

బావ వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. అప్పుడు వదిన లేచి కుంకుమభరిణె తెచ్చింది. అత్తతో ఉప్పూ నీళ్ళూ కాని మాట ఆమె నోట వినడం నాకదే మొదలు.

"అత్తమ్మా, ముందు దీని వీపుకు ఇంకో బొట్టు పెట్టున్రి. గప్పుడు పండ్ల మీదిది తుడిస్తె ముండమొయ్యదు కదా."

అమ్మ కోడల్ని ఎగాదిగా చూసింది. పలక వెనకాల, నేను చూపించిన ప్లాస్టిక్ చోట, ఇంతలావు బొట్టు పెట్టింది. నేను స్పిరిటుతో పళ్ళు కడిగి, రబ్బరుతో తోమి, ఆరబెట్టి తగిలించాను. చీమలు పోయాయి. టేపు కూత పెట్టింది. తెర మీద చీరకట్టిన మనిషి ఘమేలాతో నిచ్చెన ఎక్కుతోంది.

అమ్మ ముందుకు వంగి చాలాసేపు చూసింది.

"ఇది నేనా?"

వదిన తలూపింది.

"మరి చుట్టబట్ట ఏదే? ఉత్త నెత్తి మీద ఘమేలా పెట్టుకుంటరా ఎవరన్న? మాడు పలుగదా?"

వదిన వెంటనే కాగితం విప్పింది. ఘమేలా కింద గళ్ళు నింపబోతే అమ్మ మంచం దిగి పక్కన చేరింది. "గట్ల కాదు, జర వెడల్పు. పాత చీరముక్కను గట్టిగ మెలిపెట్టి గుండ్రంగ చుడితె ఎట్లుంటది? గట్ల."

"అత్తమ్మా, దుకాణం..." అన్నాడు బావ.

"కూసోరాదు అల్లుడా. చాయ్ తాగు," అంది అమ్మ, కాగితం మీంచి తలెత్తకుండా.

ఆ సాయంత్రం బావ దుకాణం చాలా ఆలస్యంగా తెరుచుకుంది.