ఎడమకు పోయే పిస్తోలు

కూసో బిడ్డా, ముందుగాల ఆ ఫోన్ పక్కకు పెట్టి సక్కగ కూసో. షూటింగ్ ప్రాక్టీసుకు తక్కువ ధరల గాలి పిస్తోలు కావాలె, ఏది మంచిదో అని పొద్దుగాల సంది రివ్యూలు చూస్తనే ఉన్నవు. పిస్తోలు చూసి తీసుకున్న మనిషి నీ ఎదురుంగనే కూసున్నది, నన్నడగవైతివి. నేను చెప్త, నువ్వు రాయి. నా ముచ్చటంత బుక్కులల్ల ఉన్నట్టు రాయి, మనుషులు మాట్లాడింది మాత్రం వాళ్లు ఎట్లన్నరో అట్లనే పెట్టు. ఇగ షురూ చెయ్యి.

ఆ రోజుల్లో చేతితో ముట్టుకోనిదే మేము ఏ వస్తువునూ నమ్మేవాళ్లం కాదు. కుండ కొంటే వేలితో కొట్టి మోత వినేవాళ్లం. గొడుగు కొంటే దుకాణంలోనే విప్పి మూసి, విప్పి మూసి, అమ్మేవాడి ముఖం మాడ్చేవాళ్లం. పిస్తోలును మాత్రం ఎలా చూసి కొనాలో వరంగల్ బజారులో మాకు చెప్పేవాళ్లు లేరు. మా నాయినకు గాజులు, రిబ్బన్ల దుకాణం ఉండేది. జాతరలు మొదలయ్యాయంటే దుకాణం మా అమ్మకు అప్పజెప్పి, బుగ్గల పలక బస్సు మీద వేసుకొని ఊళ్లు తిరిగేవాడు. బుగ్గలంటే బెలూన్లు. చెక్క పలక మీద వరుసగా కట్టిన బుగ్గలను పైసలిచ్చి గాలి తుపాకీతో పగలగొట్టిన వాళ్లకు దువ్వెనో, సబ్బుపెట్టెనో, అదృష్టముంటే స్టీలు గ్లాసో ఇచ్చేవాడు. బుగ్గలూదడం, తుపాకీలో ఛర్రాలు పెట్టడం చిన్నప్పటి నుంచీ నా పని. (ఛర్రాలంటే పెసరగింజంత సీసపు గుండ్లు. గట్లనే రాయి.)

ఆ ఏడాది రెండు సంగతులు జరిగాయి. పాత తుపాకీ స్ప్రింగు విరిగింది, నాకు ఓణీ వచ్చింది. మొదటిదాని గురించి నాయిన దిగులు పడ్డాడు, రెండోదాని గురించి మా బాపమ్మ దిగులు పడింది. "ఈడొచ్చిన పిల్ల జాతరల తుపాకి పట్టుకొని నిలవడితే రేపు దీన్నెవడు చేసుకుంటడురా? ఇగ ఇంట్లనే ఉండనియ్యి" అన్నది. నేను ఏడాదంతా గాజుల డబ్బాలు సర్దేది ఆ నాలుగు జాతరల కోసమే కదా. "నేను రాకుంటే ఛర్రాలు ఎవలు పెడ్తరు నాయినా? ఏ తుపాకి ఎట్ల కొడ్తదో నీకెర్కనా?" అన్నాను. పాపం, నాయినకు చూపు అంతంతమాత్రం, పలక కనిపిస్తే బుగ్గ కనిపించదు. ఆయన తల్లి వైపు చూశాడు, నా వైపు చూశాడు. చివరికి మధ్యేమార్గంగా ఒక మాట అన్నాడు. "సరే, ఈసారి పిస్తోలు తీద్దాం, సినిమాల చూసి అందరు గదే అడుగుతాండ్రు. నువ్వే చూసి తియ్యి. జాతరల అది మొరాయించినా, ఎవలన్న వచ్చి లొల్లి పెట్టినా, ఇగ నువ్వు ఇంట్లనే. మళ్ల ఏడ్వద్దు." ఏడవనని ఒట్టు వేశాను.

బజారులో గాలి తుపాకులమ్మే దుకాణదారు దగ్గర మేము కొనగలిగినవి రెండే పిస్తోళ్లు. ఒకటి నల్లగా నిగనిగలాడుతుంది, పిడి మీద గుర్రం బొమ్మ. రెండోది ఎవరో వాడి వదిలేసినట్టుంది, రంగు లేచిపోయి, పిడికి తాడు చుట్టి ఉంది. "గుర్రం బొమ్మది తీసుకుందాం బిడ్డా, మెరుస్తాంది" అన్నాడు నాయిన. మెరిస్తే సరిపోదని రెండింటినీ ఒకపూట కోసం ఇంటికి తెచ్చాను. పెరట్లో గోడకు పత్తి కూరిన గోనె బోరెం నిలబెట్టి, దాని మీద కాగితం అంటించి, నడుమ పసుపుతో బొట్టు పెట్టాను. నా చేయి వణుకును పిస్తోలు మీద వేయకూడదు కదా, అందుకని మోచేయి బియ్యం మూట మీద ఆనించాను. లోపల బాపమ్మ రెండు చెవులూ మూసుకొని కూర్చుంది. గుర్రం పిస్తోలు ఒకసారి టప్‌మన్నది, ఒకసారి తుస్సుమన్నది, ఇంకోసారి ఛర్రాను గొట్టంలోనే దాచుకుంది. కాగితం చూస్తే చిల్లులు ఊరంతా తిరిగొచ్చినట్టున్నాయి. తాడు పిస్తోలు మాత్రం నొక్కిన ప్రతిసారీ పలికింది. దాని చిల్లులన్నీ ఒక్కచోటే, రూపాయి బిళ్ల పెడితే కప్పేయొచ్చు. కాకపోతే బొట్టుకు జానెడు ఎడమన.

నాయిన కాగితాన్ని ముక్కుకు ఆనించి చూశాడు. "ఇది బొట్టునే ముట్టుకోలేదు గదనే. గుర్రందన్న ఒక్కటి నడుమ కొట్టింది" అన్నాడు. "అది ఒక్కపాలి కొట్టింది, మళ్ల ఎప్పుడు కొడ్తదో దానికే తెల్వదు. ఇది ఎన్నిసార్లు అడిగినా ఒక్కటే మాట చెప్తాంది నాయినా. ఎడమకు పోతదని మనకెర్కైనంక, కుడి పక్క బుగ్గను చూసి కొడ్తే సరిపోయె" అన్నాను. లోపలి నుంచి బాపమ్మ, "ఇది మీ నాయిన కంటే నయం, మాట మీద నిలవడ్డది" అన్నది. చెవులు మూసుకొని అంతా విన్నదన్నమాట. నాయిన ఆలోచించాడు. ఎడమకు పోయే సంగతి కొట్టేవాళ్లకు తెలియదు కనుక గ్లాసులు మిగులుతాయని ఆయనకు తట్టినట్టుంది. ముఖం వెలిగిపోయింది. (మోసం అని రాయకు బిడ్డా. అందరికీ ఒక్కతీరుగనే ఎడమకు పోయింది.)

మొదటి జాతర కేసముద్రం దిక్కు ఒక ఊళ్లో. పిస్తోలు ఒక్కసారీ మొరాయించలేదు. పొద్దు వాలేముందు మీసాల పటేలు వచ్చాడు. ఆ ఊళ్లో అందరూ ఆయనను అలాగే పిలిచేవారు. వెంట పటేలమ్మ. ఆయన మీసం దువ్వి, ఒక కన్ను మూసి కొట్టాడు. పక్క బుగ్గ పగిలింది. "నేను పచ్చదాన్ని కదా చూసింది" అన్నాడు. మళ్లీ కొడితే ఈసారి వరుసలో ఎడమ చివరి బుగ్గను చూశాడు, ఛర్రా పలకను తగిలింది. జనం నవ్వారు. అంతే, మీసం లేచింది. "ఏందయ్యా, వంకర పిస్తోలు పెట్టి ఊరోళ్లను ఆగం చేస్తానవా? పలక ఎత్తేయ్ ఈడికెళ్లి" అన్నాడు. నాయిన చేతులు జోడించాడు. నాకు కళ్ల ముందు గాజుల డబ్బాలు కనిపించాయి, జీవితాంతం సర్దాల్సినవి.

"పటేలా, పిస్తోలు మంచిగనే ఉన్నది. ఏ బుగ్గ కొట్టాలె, చెప్పుండ్రి" అన్నాను. "ఎర్రది కొట్టు పిల్లా" అన్నాడు. కొట్టాను. "నీలిది." కొట్టాను. ఆయన చూపించింది చూపించినట్టే పగులుతోంది, జనం ఈలలు వేస్తున్నారు, నాయిన జోడించిన చేతులు విడదీయడమే మరిచిపోయాడు. అప్పుడు పటేలమ్మ నా పక్కకు జరిగి, చెవిలో, "బిడ్డా, ఆయన పచ్చది చూపిస్తే నువ్వు దాని పక్కదాన్ని చూస్తానవు కదా" అన్నది. అబద్ధం చెబుదామంటే ఆమె కళ్లల్లో నవ్వు. తల ఊపి, ఛర్రా పెట్టి పిస్తోలు ఆమెకే ఇచ్చాను. పటేలమ్మ కొంగు నడుముకు చెక్కి, తాపీగా కొట్టింది. టప్. స్టీలు గ్లాసు.

ఇక చూడు. "జర పక్కకు చూసి కొట్టుండ్రి" అని పటేలమ్మ మొగుడికి చెప్పింది. "బుగ్గ ఈడుంటే నేను ఆడెందుకు చూడాలె?" అని ఆయన సూటిగానే చూసి, సూటిగానే తప్పాడు. మగవాళ్లంతా ఆయన దారే. ఆడవాళ్లకు మాత్రం సంగతి ఒకరి చెవి నుంచి ఒకరి చెవికి పాకింది. పిల్లలను చంకన వేసుకొని వచ్చి కొట్టారు, ముసలమ్మలు వచ్చి కొట్టారు. దీపాలు పెట్టేసరికి గ్లాసులు లేవు, దువ్వెనలు లేవు, ఆఖరికి నాయిన సొంత సబ్బుపెట్టె కూడా పోయింది. మీసాల పటేలు భార్య గెలిచిన సామానంతా మోసుకుంటూ, "పిస్తోలు మంచిదే" అని ఒప్పుకొని వెళ్లాడు.

బస్సులో నాయిన సంచిలోని చిల్లరను తడిమి తడిమి లెక్కపెట్టాడు. లొల్లి జరిగింది కనుక నా పని అయిపోయిందనుకున్నాను. ఏడవనని వేసిన ఒట్టు గుర్తొచ్చి కిటికీ వైపు తిరిగాను. వర్ధన్నపేట దాటాక, "పిస్తోలు యాడున్నది?" అన్నాడు. ఒళ్లో ఉందన్నాను. "నీ తాననే ఉండనియ్యి. పైవారం నర్సంపేట దిక్కు పోవాలె. ఈపాలి పలక ముంగట నువ్వు నిలవడు, ఛర్రాలు నేను పెడ్త" అన్నాడు. కిటికీ వైపు తిరిగే ఏడ్చాను, ఆయనకు ఎలాగూ కనపడదు కదా. ఇప్పుడు ఈ చేతులతో సూదిలో దారం ఎక్కించలేను గానీ, ఆ ఓణీ పిల్ల పలక ముందు ఎలా నిలబడేదో తలచుకుంటే, బిడ్డా, నాకే దిష్టి తీయాలనిపిస్తుంది. ఆ జాతర నుంచి నాయిన నన్ను ఎవరికి చూపించినా, ఇది నా బిడ్డ అని కాదు, ఇది మా...

(ఆఁ, వస్తాన కోడలా, అన్నం పెట్టు. సల్లారితే మళ్ల నన్నే అంటవు. నువ్వు లేవకు బిడ్డా, రాసుకో, మా నాయిన ఏమనేటోడంటే, "ఇది మా తాడు పిస్తోలు, మాట మీద నిలవడ్తది" అని.)