లేని నాటకానికి కాపలా

మొన్న మా చర్చి నుంచి ఒకమ్మాయి ఫోను చేసి, "ఆంటీ, ఈ క్రిస్మస్‌కి కూడా నాటకం మీరే రాయాలి" అంది. రాస్తానన్నాను. ఫోను పెట్టేశాక, అంత తియ్యగా ఎందుకు అడిగిందా అని అనుమానం వచ్చింది. నా బుద్ధే అంత. పాలవాడు కొసరు ఎక్కువ పోస్తే నీళ్ళు కలిపాడేమోనని చూసే మనిషిని. ఆ బుద్ధే ఒకసారి నన్ను ఒడ్డున పడేసిన సంగతి గుర్తొచ్చి నవ్వుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. పెళ్ళయి అనకాపల్లి వచ్చిన దగ్గర్నుంచీ మా చర్చికి క్రిస్మస్ నాటకం నేనే రాసేదాన్ని. ఇంట్లో కోడల్ని, బళ్ళో టీచర్ని. రచయిత్రినయ్యేది ఆ ఒక్క నాటకంతోనే. ఆ ఏడు మాత్రం ఒక్క ముక్క రాలేదు. గొర్రెల కాపర్లు, జ్ఞానులు, నక్షత్రం, అన్నీ వాడేశాను. కాగితం ముందు కూచుంటే వీధిలో చెరకు బళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. పాస్టరు అయ్యగారు, "ఫర్వాలేదమ్మా, ఆదివారానికి అవకపోతే సీడీ పెట్టి పిల్లల చేత డాన్సులు వేయిద్దాం" అన్నారు. ఆ ఫర్వాలేదమ్మాకి నాకు కడుపు మండిపోయింది. ఒక్కసారి డాన్సులొచ్చాయంటే మళ్ళీ నాటకం మొహం ఎవరు చూస్తారు? నా మొహం ఎవరు చూస్తారు?

రాయలేకపోతున్నానని ఎవరికీ చెప్పలేదు. "అయిపోవచ్చింది" అనేదాన్ని. అబద్ధమాడే వాళ్ళకి అందరూ దొంగల్లాగే కనబడతారు కాబోలు, అత్తగారి మీద కన్ను పడింది. ఆవిడ దగ్గర క్రిస్మస్ పిండివంట గులాబీ పువ్వులు వేసే అచ్చు ఉండేది. కొత్త అచ్చుకి పిండి అంటుకుపోతుంది. ఆవిడది ఏళ్ళ తరబడి నూనె తాగిన ఇనప అచ్చు, పువ్వు దానంతటదే జారిపడేది. అందుకని డిసెంబరొస్తే ఇంటింటి నుంచీ పిలుపే. అచ్చు ఎవరి చేతికీ ఇవ్వదు, గుడ్డలో చుట్టుకుని తనే వెళ్తుంది. ఆ వారం వరసగా గవరపాలెంలో, మాకు పోటీగా నాటకం వేసే అవతలి చర్చివాళ్ళ ఇళ్ళకే వెళ్ళింది. పైగా రోజూ వచ్చి, "నాటకం ఎంతవరకొచ్చిందే?" అని గొణిగేది. ఆవిడది గొణుగుడు గొంతు, పక్కన కూచుంటే తప్ప వినపడదు. ఇంకేముంది, నా నాటకం అక్కడికి మోసేస్తోందని తేల్చేసుకున్నాను. మొయ్యడానికి నాటకమేదీ? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, నేను ఆ సోమలింగానికి కాపలా కాశానన్నమాట.

శనివారం మధ్యాహ్నం వెనకాలే వెళ్ళి, ఆవిడ వెళ్ళిన ఇంటి పెరటి తడిక వెనక నిలబడ్డాను. పొయ్యి మీద మూకుడు, చుట్టూ ఆడవాళ్ళు. "మీ కోడలు ఈ ఏడు ఏటి రాత్తంది పిన్నీ?" అని ఒకావిడ అడిగింది. దొరికిపోయిందిరా అనుకున్నాను.

అత్తగారు అచ్చు నూనెలో ముంచుతూ మొదలెట్టింది. "బెత్లెహేములో సత్రం ఉంది కదా, ఆ సత్రంవోడి పెళ్ళానికి అందరి మీదా అనుమానమే. తాళాలు కొంగున కట్టుకుని తిరుగుద్ది. మరియమ్మ వత్తే, నిజంగా కడుపుతో ఉందో, గుడ్డలు సుట్టుకుని దుప్పట్లు ఎత్తుకుపోడానికొచ్చిందో అని తలుపు తియ్యలేదు."

"తరవాతో?"

"తరవాతేటి, పసిబిడ్డ ఏడుపు ఇనబడింది. అదీ దొంగేడుపేమోనని దీపం ఒట్టుకుని పశువుల పాకలోకి సూడ్డానికెళ్ళింది. అనుమానంతో ఎళ్తేనేటి, ఎళ్ళింది కదా!"

తడిక వెనక నా కొంగుకి బీరువా తాళాలు వేలాడుతున్నాయి. ఒళ్ళు మండింది, సిగ్గేసింది. ఆ రెండింటికంటే ముందు, ఆ కథ నాకు కావాలనిపించింది. పరుగున ఇంటికొచ్చి చెప్పులతోనే కూచుని రాశాను. సత్రం ఆవిడ మాటలన్నీ నావే కనక వెతుక్కునే పని లేకపోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక కాగితాలు అయ్యగారి చేతిలో పెట్టాను.

నాటకం రోజు జనం పగలబడి నవ్వారు. సత్రం ఆవిడ దీపం పట్టుకుని పాకలోకి వంగి చూసినప్పుడు మాత్రం పసిపిల్లలు కూడా కిక్కురుమనలేదు. నాకు ఏడుపొచ్చేసింది. ముందు వరసలో పక్కనే కూచున్న అత్తగారు నా చెవి దగ్గరకొచ్చి, "బాగా రాసేవే. ఇలాటియి నీకెలా తడతాయో" అని గొణిగింది.

అక్కడ పుట్టింది నా అనుమానం. పక్కన కూచుంటే తప్ప వినపడని మనిషి మాట, ఆ మధ్యాహ్నం తడిక దాటి ముక్క పోకుండా నాకెలా వినిపించింది? ఆవిడున్నన్నాళ్ళూ అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేదు, అచ్చు మాత్రం నా వంటింట్లో ఉంది. వయసుతో పాటు నా అనుమానాలన్నీ ఒక్కొక్కటే రాలిపోతున్నాయి గానీ, ఇదొక్కటి ఏటేటా ముదురుతోంది. తీరకపోతేనే బాగుణ్ణనిపిస్తోంది.