గేటు గుర్తుపట్టని ముఖం

పెద్ద ఫోటో స్టూడియోలో పదకొండేళ్లు ఆమె చేసిన పని, నల్లటి ముఖాలను కంప్యూటర్లో తెల్లగా చేయడం. ఆ పని మీద ఒళ్లు మండి, మెట్ల కింద గది అద్దెకు తీసుకుని సొంత స్టూడియో పెట్టింది. "ఉన్న ముఖం ఉన్నట్టే" అని బోర్డు రాయించింది. మూడు నెలలు ఈగలు తోలుకుంది. చివరికి బోర్డు తీసేసి తానూ తెల్లగా చేయడం మొదలుపెట్టాక గిరాకీ పుంజుకుంది.

ఒకరోజు పొద్దున్నే, బట్టల ఫ్యాక్టరీలో ఊడ్చే పెద్దావిడ గుర్తింపు కార్డు పట్టుకుని వచ్చింది.

"ఏం ఫోటో తీశావే తల్లీ! గేటు దగ్గరి మిషను ఇది నేను కాదంటోంది. రెండ్రోజుల నుంచి లోపలికి రానివ్వట్లేదు. రేపు కూడా ఇంతే అయితే వేరే మనిషిని పెట్టుకుంటారట."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. మళ్లీ ఫోటో తీసి, రంగు జోలికి పోకుండా చేతిలో పెట్టింది. "డబ్బులొద్దు పెద్దమ్మా, తప్పు నాది."

పెద్దావిడ రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"గేటుకి ఇది చూపిస్తాలే. నేను పోయాక గోడకి తగిలించడానికి మాత్రం ఆ తెల్లదాన్నే పెద్దది చేసివ్వు."

ఆమె కంప్యూటర్లో ఆ తెల్ల ఫోటోనే తెరిచి పెద్దది చేయసాగింది. ఆ ఆశ పుట్టించిన చేతుల్లో తనవీ ఉన్నాయి.