నరహరి కాళ్లకు సెలవు

నరహరికి నలభై నాలుగేళ్లు. సిద్దిపేటలో గొల్లభామ చీరలు నేసే ఇంట్లో పుట్టాడు. పదిహేనో ఏట గుంటమగ్గంలో కాళ్లు పెట్టాడు, ఇంతవరకు తీయలేదు. మనిషి సన్నం, అరవై ఐదు కిలోలు. మాట తక్కువ, పంతం ఎక్కువ. ఆ పంతమే ఆయన్ని ఇనుము దగ్గరికి తీసుకెళ్లింది.

మూడేళ్ల కింద నడుము పట్టేసి మంచం దిగలేకపోయాడు. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే చూసి మగ్గం మానేయమన్నాడు. ఈయనగారు మగ్గం మానలేదు, ఆ డాక్టరు దగ్గరికి పోవడం మానేశాడు. వీధి చివర జిమ్‌లో చేరాడు. అందరికీ చెప్పదగిన సలహా కాదు గానీ, ఈయనకు కలిసొచ్చింది. జిమ్ నడిపే చరణ్ ఓపికున్న కుర్రాడు. ఉత్త రాడ్‌తో మొదలుపెట్టించి, వంగడం, లేవడం మళ్లీ కొత్తగా నేర్పాడు. ఏడాదికి నొప్పి పోయింది. దాని జాగాలో బరువుల ఆకలి పుట్టింది.

ఈ ఏడు నలభై దాటినవాళ్లకు జిల్లాలో ఎంపిక పోటీ పెట్టారు. నేల మీది రాడ్‌ను తొడల దాకా లేపి నిటారుగా నిలబడాలి. నూట యాభై కిలోలు లేపితే రాష్ట్ర పోటీకి పోవచ్చు. నరహరి పేరిచ్చాడు. ఆ మాట తెలిసి చేనేత సంఘంలో ఒకాయన పదిమంది ముందు నవ్వాడు.

"గుంటల కూసునేటోనికి బరువులేందే నరహరీ? మన కాళ్లల్ల సత్తువ యాడున్నది?"

నరహరి అటునుంచి అటే జిమ్‌కు నడిచాడు. చెప్పాల్సిన జవాబు బరువు నూట యాభై కిలోలని ఆయనకు తెలుసు.

అయితే రాడ్ నూట నలభై దగ్గర మొండికేసింది. రెండు నెలలు అక్కడే. పోటీ నెల రోజుల్లోకి వచ్చేసరికి నూట ముప్పై ఐదు కూడా నేలను వదల్లేదు. తొడలు బిగుసుకుపోయేవి. నిద్ర పట్టేది కాదు, అన్నం సయించేది కాదు.

"అన్నా, వారానికి మూడు దినాలే చేయిస్తున్న. మిగతా దినాలు ఏం చేస్తున్నవ్?" అని అడిగాడు చరణ్.

"ఏం చేస్త తమ్మీ, ఇంటి పట్టునే ఉంట. రెస్టే."

ఆయన అబద్ధమాడలేదు. నిజంగానే అలా నమ్మాడు. జిమ్ ఉన్న రోజు మగ్గం సగం పూటే నడిచేది. ఆ లోటు పూడ్చడానికి మిగతా రోజుల్లో పొద్దున ఐదింటికే గుంటలోకి దిగి, పొద్దుగూకేదాకా కాళ్ల కింది చెక్కలు తొక్కుతూ నేసేవాడు. కూర్చుని చేసేది, తాతల నాటి నుంచి చేస్తున్నది, అదీ ఒక కష్టమేనా అని ఆయన లెక్క.

ఇక అమావాస్య సంగతి. నేతవాళ్ల ఇళ్లలో ఆ రోజు మగ్గం ముట్టరు. నెలకు ఒక్కరోజు దానికి సెలవు. నరహరి ఆ సెలవును కూడా పోనిచ్చేవాడు కాదు. మగ్గం ఎట్లాగూ ఖాళీ కదా అని జిమ్‌లో రెండు పూటలా చేసేవాడు.

ఆ నెల అమావాస్య ఉదయం తల్లి బాలవ్వ మగ్గాన్ని తుడిచి, ఊదుబత్తి వెలిగించి, సగం నేసిన చీర మీద తెల్లగుడ్డ కప్పింది. డెబ్బై ఏళ్ల మనిషి, ఇప్పటికీ రాట్నం మీద నూలు కండెలు చుడుతుంది. కొడుకు సంచి భుజాన వేసుకుని గడప దిగబోయాడు. మోకాలు మడతపడి గోడ పట్టుకున్నాడు.

"యాడికిరా?"

"జిమ్‌కే అవ్వా. ఇయ్యాల మగ్గం లేదు గద."

బాలవ్వ గుడ్డ అంచు సరిచేస్తూనే అంది. "కట్టెతోని చేసిన మగ్గానికే నెలకోనాడు సెలవిస్తిమి. నీ కాళ్లకెప్పుడురా?"

నరహరికి కోపం వచ్చింది. తన కాళ్లకూ సెలవులున్నాయని చూపిద్దామనుకున్నాడు. గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడ్డాడు. జిమ్ రోజుల మీద తాను పెట్టుకున్న గీతలున్నాయి. గీతల్లేనివన్నీ మగ్గం రోజులు. అమావాస్యల మీదా గీతలే. మూడు నెలల్లో కాళ్లు ఊరికే ఉన్న రోజు ఒక్కటంటే ఒక్కటి కనిపించలేదు. సంచి దించి చరణ్‌కు ఫోన్ చేసి మగ్గం రోజుల సంగతి చెప్పాడు.

మర్నాడు చరణ్ ఇంటికే వచ్చాడు. మగ్గం చూస్తానని గుంటలోకి దిగి, పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడె మీద చెయ్యి వేశాడు.

"నాడె ముట్టకు బిడ్డా, చీర ఖరాబైతది. ఉత్తగ తొక్కు," అంది బాలవ్వ.

పావుగంట తొక్కి పైకొచ్చేసరికి అంతటి జిమ్ మాస్టరు తొడలూ వణికాయి. "అన్నా, దీన్నా నువ్వు రెస్టనేది? కండ పెరిగేది బరువెత్తినప్పుడనుకున్నవా? పండుకున్నప్పుడే!"

కొత్త పద్ధతి పెట్టుకున్నారు. జిమ్ వారానికి రెండు రోజులు, ఆ రోజుల్లో మగ్గం లేదు. మగ్గం మూడు రోజులు, అదీ నాలుగింటి దాకే. మిగిలిన రెండు రోజులు దేన్నీ ముట్టకూడదు. నరహరి సంఘానికి పోయి చీర పదిహేను రోజులు ఆలస్యమవుతుందని చెప్పాడు. ఇరవై తొమ్మిదేళ్లలో గడువు తప్పడం అదే మొదలు. నవ్విన మనిషి మళ్లీ నవ్వాడు. నరహరి తల దించుకోలేదు.

మొదటి సెలవు రోజు ఆయన పడిన పాట్లు చూడాలి! పక్కింటి మగ్గం చప్పుడు వినిపిస్తే అరికాళ్లు వాటంతటవే ఆడాయి. జానెడు నేసి వస్తానని లేచాడు. బాలవ్వ రాట్నం తెచ్చుకుని మగ్గం గది గడపకు అడ్డంగా కూర్చుంది.

"నన్ను దాటి పో," అంది.

ఏ కొడుకు దాటుతాడు? తిరిగొచ్చి చాప మీద పడుకున్నాడు, పళ్లు బిగబట్టి మరీ పడుకున్నాడు. రెండో వారానికి నిద్ర పట్టింది. మూడో వారం అన్నం మారు వడ్డించుకున్నాడు. నూట నలభై నేలను వదిలింది.

పోటీకి ముందురోజు మళ్లీ అమావాస్య వచ్చింది. బాలవ్వ మగ్గం మీద గుడ్డ కప్పింది. నరహరి సంచి ముట్టలేదు.

పోటీలో నూట ముప్పై ఐదు లేచింది, నూట నలభై ఐదు లేచింది. మూడోది, చివరిది, నూట యాభై. లాగితే రాడ్ కదల్లేదు. అప్పుడు లాగడం మీద ధ్యాస వదిలి, గుంటలో తొక్కినట్టు రెండు కాళ్లతో నేలను తొక్కాడు. రాడ్ పైకొచ్చింది, మోకాళ్ల దగ్గర తచ్చాడింది. ఆయన వదల్లేదు. నిటారుగా నిలబడ్డాడు. జడ్జీలు ముగ్గురూ సరేనన్నారు. చరణ్ అరుపుకు హాలు దద్దరిల్లింది. నరహరికి కళ్లనీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు.

బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాడు.

"అవ్వా, లేపిన. రాష్ట్రానికి పోతున్న."

అవతల రాట్నం ఆగింది. "సల్లగుండు బిడ్డా," అంది బాలవ్వ.

"చీర ఎనుకవడ్డది గద. రేపు ఐదింటికే దిగుత."

"ఏం దిగద్దు. అమాస నాడు కప్పిన గుడ్డ నేనింకా తియ్యలే. ఎల్లుండి తీస్త."

నరహరి వాదించలేదు. "మంచిదవ్వా," అన్నాడు.