గోవింద్‌పూర్ దగ్గర తెగిన టైమింగ్ బెల్టు

ఎనభైల చివర్లో ఒక చలికాలం. ఉత్తరాది ఉక్కు పట్నంలో, భుయ్యాడీహ్ అనే పేటలో ఉండే మా పెదనాన్న ట్రక్కుల కార్ఖానాలో ముప్పై ఏళ్లు ఇంజన్లు బిగించి రిటైరయ్యారు. చప్పుడు విని ఇంజన్‌కి ఏం జబ్బో చెప్పేస్తారని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. ఇంటి వెనక పారే సువర్ణరేఖ నది ఊరు దాటాక ఎలా ఉంటుందో చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. కొత్త రకం చిన్న కారొకటి సెకండ్‌హ్యాండ్‌లో కొనగానే నన్ను డ్రైవరుగా కుదుర్చుకున్నారు, జీతం లేకుండా.

పొద్దున కార్ఖానాలో ఆరు గంటల భోంపూ మోగాక బయల్దేరాం. ఆ నది ఒడ్డునే ఉన్న ఘాట్‌శిలాకి నలభై అయిదు కిలోమీటర్లు, గంటన్నర చాలనుకున్నాం. దారిలో బిర్సానగర్ మంచులో మునిగి ఉంది. ఇళ్లు, సైకిళ్లు, డ్యూటీకి పోయే మనుషులు మెల్లగా తేలి వచ్చి మాయమవుతున్నారు. గోవింద్‌పూర్ దగ్గర ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. కారు మాత్రం ఆ తెల్లదనంలో చప్పుడు లేకుండా కాసేపు జారుతూనే ఉంది. నిజం చెప్పొద్దూ, నాకది హాయిగానే ఉంది.

తాళం తిప్పితే స్టార్టర్ ఎప్పటికన్నా తేలిగ్గా, గిర్రున తిరిగింది. పెదనాన్న తల వంచి విన్నారు. ఈలోగా డ్యూటీ దిగిన నలుగురు ఆయన్ని గుర్తుపట్టి చుట్టూ చేరారు.

"ఏటైంది గురూ?"

"బ్యాటరీ! ధక్కా ఇయ్యండి, అదే లెగుత్తాది," అన్నారు పెదనాన్న.

వాళ్లు తోశారు. సెకండ్ గేర్లో క్లచ్ వదిలాను. లోపల టకటకమంది, అంతే.

కారుని దగ్గర్లోని షెడ్డుకి నెట్టుకెళ్లాం. అక్కడి మెకానిక్‌ది సోంపేట. కవరు విప్పి, తెగిన రబ్బరు బెల్టు పైకి లాగాడు.

"తోసీసినారేటి బాబాయ్? మీ ట్రక్కుల్లో గేర్లు, దీనికి బెల్టు. పైన వాల్వులకీ కింద పిస్టన్లకీ డ్యూటీ టైము చెప్పేది ఇదే. ఇది తెగిందంటే ఎల్లే షిఫ్టూ వచ్చే షిఫ్టూ ఒకే గేట్లో గుద్దుకున్నట్టే. తెగినప్పుడే ఒకటో రెండో వంగుంటాయి. తోసి మిగిలినవీ వంచీసినారు. హఫ్తా పడతాది, వారం రోజులు."

మూడు రూపాయలకు రిక్షా మాట్లాడుకుని వెనక్కి వచ్చాం. మంచు విడిపోతోంది. పెదనాన్న ఒళ్లో ఆ బెల్టు ముక్క.

"నాకు వినబడిందిరా," అన్నారు దాన్ని వేళ్లతో తిప్పుతూ. "స్టార్టరు అంత గిర్రున తిరిగితే బ్యాటరీ కాదని తెలుత్తానే ఉంది. అందరూ నా మొహమే చూత్తన్నారు. తెలీదని అనలేకపోనాను."



పై నెలలో రైల్లో వెళ్లి ఆ నదిని చూశాం. ఇసుక మీద ఎండ, మోకాళ్ల లోతు నీళ్లు. ఆయన పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగారు. పాత కారులో దూరం వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే. బెల్టు ఎప్పుడు మార్చారో ముందే కనుక్కోండి. దారిలో ఇంజన్ ఆగి, స్టార్టర్ తేలిగ్గా తిరిగితే తోయకండి, మళ్లీ తాళం తిప్పకండి. ఆ చలికాలం తర్వాత ఎవరు ఏ బండి తెచ్చినా పెదనాన్న మొదట అనే మాట, "నాకు తెలీదు. ఇప్పి చూద్దాం."