పసుపు పెన్సిలు

నగర ప్రణాళిక ఆఫీసులో పటాలకు రంగులు వేసే ఆయన్ని అందరూ పెన్సిళ్ళాయన అంటారు. ఇళ్ళకు పసుపు, పార్కులకు ఆకుపచ్చ, చెరువులకు నీలం. బ్లేడుతో పెన్సిలు చెక్కి, పొట్టు ఉఫ్‌మని ఊది, ఒద్దికగా నింపుతాడు. ముప్ఫై ఏళ్ళలో ఊరు కాగితం అంచులు దాటిపోయింది గానీ ఆయన రంగు ఏనాడూ గీత దాటలేదు. ఊరవతలి చెరువును మాత్రం పసుపు చేశాడు. కొలతలకు వెళ్ళింది నడివేసవిలో. "ఎండిపోయిందిగా, ఇళ్ళ కింద వేసెయ్యవయ్యా" అన్నాడు పైఅధికారి. పసుపు పెన్సిలు చెక్కి వేసేశాడు. అన్న పోయాక, ఆ పటాన్ని నమ్మే వదిన అక్కడ చిన్న ఇల్లు కొనుక్కుంది.

ఇప్పుడు మబ్బు పడితే చాలు, సెలవు పెట్టి అక్కడికి పరిగెడతాడు. పంట్లాం మోకాళ్ళపైకి మడిచి, వదిన కుట్టుమిషన్ని బల్లమీదికి ఎక్కిస్తాడు. మొన్నటి వానకు మంచం కోళ్ళు మునిగాయి. బకెట్టుతో నీళ్ళు తోడుతూ "తప్పు నాదే వదినా" అని గొణిగాడు. "ఊరుకో బాబూ! ఇక్కడ నీళ్ళు నిలుస్తాయని నీకు మాత్రం ఏం తెలుసు?" అంటూ ఆమె తువ్వాలు అందించింది. ఆయన అందులో మొహం దాచుకున్నాడు. చిన్నప్పుడు తన పొట్టకింద చెయ్యి పెట్టి అన్న ఈత నేర్పింది ఆ చెరువులోనే.