మేజోళ్లు విప్పని వైద్యం

ఆఫీసులో ఏసీ గాలి మెడకు తగిలినప్పుడల్లా రమణ సార్ ఉన్ని మేజోళ్లు గుర్తొస్తాయి. వెంటనే ఒళ్లు మండుతుంది. హైటెక్ సిటీలో ఆయన నా మొదటి మేనేజర్, కడప మనిషి. తయారైన సాఫ్ట్‌వేర్ జనం చేతికి వెళ్లేముందు దాన్ని పరీక్షించడం మా పని. విడుదలకు ముందు ఆయన అన్ని జట్లనూ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టేవారు. కొత్తలో నేను లేచి, "మా దిక్కు అంతా మంచిగనే ఉంది సార్" అన్నాను. "ఎవురి ముక్క వాళ్లకు బాగానే ఉంటాదమ్మా. రెండు ముక్కలు కలిసే చోట చూసినావా?" అన్నారు. చూడలేదు. తప్పు అక్కడే దొరికింది. బాలానగర్‌లో వెల్డింగ్ పని చేసే మా నాన్నకు ఈ మాట చెబితే, "మీ సారు మా షాపుల ఉండాల్సినోడు" అని మురిసిపోయాడు.

సార్‌కు చాలా ఏళ్లుగా షుగరు. అదే కిడ్నీలను తినేసింది, గుండెనూ బలహీనపరిచింది. హఫీజ్‌పేట్ దగ్గర ఒక ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకునేవారు. వాళ్లావిడకు వీలుకాని రోజున నేను తోడు వెళ్లేదాన్ని. ఆ గదిలో చలికి ఆగలేక ఆయన మేజోళ్లతోనే పడుకునేవారు. డయాలసిస్ మిషన్‌ను మాత్రం ఆసుపత్రివాళ్లు కంటికి రెప్పలా చూసుకునేవారు, కాదనను.

ఒకరోజు దుప్పటి సర్దుతుంటే కుడి మేజోడు తడిగా తగిలింది. విప్పితే బొటనవేలి కింద నల్లబడిన పుండు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయి ఆయనకు నొప్పే తెలియలేదు. టెక్నీషియన్‌ను పిలిచాను. "గవన్నీ మేం చూడం మేడమ్. షుగర్ డాక్టర్‌కు చూపించుండ్రి" అన్నాడు. షుగర్ డాక్టరేమో కిడ్నీ డాక్టరు చెప్పందే గట్టి మందులు రాయనన్నారు. కిడ్నీ డాక్టరు, పుండు తీసే ఆపరేషన్‌కు గుండె తట్టుకుంటుందో లేదో గుండె డాక్టరును అడగమన్నారు. అందరూ ఒకే భవనంలో ఉన్నారు. ఒక్కరూ ఇంకొకరికి ఫోన్ చేయలేదు. ఇంత సిగ్గుమాలిన పని నేనెక్కడా చూడలేదు. సార్ మాత్రం నవ్వారు. "మన మీటింగు మాదిరే ఉండాదమ్మా. బల్ల ఒకటే తక్కువ."

మేము గది గదికీ తిరుగుతుండగానే పుండులోని విషం రక్తంలోకి పాకింది. ఆ గుండె తట్టుకోలేకపోయింది. పరామర్శకు వచ్చినవాళ్లంతా "పాపం, కిడ్నీలు పోయాయి కదా" అంటుంటే నా రక్తం ఉడికిపోయింది. కిడ్నీల పని మిషన్ చేస్తూనే ఉంది. ఆయన ప్రాణం తీసింది మాది కాదంటే మాది కాదని అందరూ వదిలేసిన పుండు.

మొన్న మా మేనత్తను కూకట్‌పల్లిలో ఆమె కిడ్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆమెకూ షుగరుంది, డయాలసిస్ జరుగుతోంది. ఆయన రిపోర్టులు తిరగేసి, "మా వైపు అంతా బాగుందమ్మా" అన్నారు.

"కాళ్లు చూశారా డాక్టరుగారూ?"

"అది షుగర్ వాళ్లు చూస్తారు."

నేను వంగి అత్త మేజోళ్లు విప్పాను. "సారు ముంగట కాళ్లు చూపుడేందే, మంచిగుండదు" అని ఆమె పాదం వెనక్కి లాక్కోబోయింది. వదల్లేదు. ఆ పాదాన్ని ఎత్తి, ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి చూసేదాకా అలాగే పట్టుకున్నాను.